స్పీడ్‌వే రైడర్‌కి బ్రిటన్ లీగా, పోలండ్ లీగా?

ఆస్ట్రేలియా నుంచి ఓ కుర్రాడు యూరప్‌కి బయల్దేరాడనుకోండి. బ్రేకుల్లేని, ఒకే గేరున్న 500 సీసీ బండి మీద మట్టి ట్రాక్ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టే స్పీడ్‌వే రేసులే అతని బతుకుతెరువు. ముందు ఎక్కడ దిగాలి?

డబ్బు: పోలండ్‌దే పైచేయి, ఇందులో వాదనే లేదు. అక్కడి ఎక్స్‌ట్రాలీగా ప్రపంచంలోనే ఎక్కువ డబ్బున్న స్పీడ్‌వే లీగ్. రెండు చోట్లా సంపాదన చాలావరకు రేసుల్లో తెచ్చే పాయింట్ల మీదే: గెలిస్తే 3, తర్వాత 2, 1, ఆఖరివాడికి సున్నా.

ఖర్చు: బళ్లు, ఇంజన్లు, వ్యాను, మెకానిక్ జీతం. ఇవి ఎక్కువగా రైడర్ జేబులోంచే పోతాయి. పోలండ్ స్థాయికి ఇంజన్ కూడా ఆ స్థాయిదే కావాలి. నాలుగు మ్యాచ్‌లు సరిగా ఆడకపోతే అప్పుల టెన్షన్ మొదలవుతుంది.

ట్రాక్: బ్రిటన్‌లో చాలావరకు చిన్నవి, ఊరికో తీరు. చిరాగ్గా ఉంటాయి గానీ చెయ్యి తిరిగేది అక్కడే. పోలండ్‌లో పెద్దవి, వేగం ఎక్కువ.

చోటు: ఎక్స్‌ట్రాలీగాలో 8 జట్లే. జూనియర్ స్థానాలు పోలండ్ కుర్రాళ్లకి. బ్రిటన్‌లో కింది డివిజన్ కూడా ఉంది, భాష బెడదా లేదు.

ప్రమాదం: ఎక్కడైనా ఉన్నదే. ఆస్ట్రేలియా రైడర్ డార్సీ వార్డ్ 2015లో పోలండ్‌లోని జెలోనా గూరాలో పడి, 23 ఏళ్లకే చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు.

కొత్తవాడైతే బ్రిటనే మేలు. పెర్త్‌లో పెరిగిన టై వాఫిండెన్ ఆ దారిలోనే వచ్చి 2013, 2015, 2018లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. నిలకడగా పాయింట్లు తెస్తూ, స్పాన్సర్ దొరికినవాడు మాత్రం పోలండ్ పిలుపు కాదనకూడదు.