టెక్సాస్‌లో ఇంటి పన్ను: కౌంటీ వారి అవగాహన సదస్సుపై సమీక్ష

టెక్సాస్‌లో మా కౌంటీ అప్రైజల్ కార్యాలయం ఇంటి యజమానులకు ఉచితంగా నిర్వహించిన అవగాహన సదస్సుకు, ఇంటి విలువ ఎంతో తెలిపే నోటీసు చేతిలో పట్టుకుని, కొంత అనుమానంతోనే వెళ్లాను. ఇంటి విలువను జనవరి 1 నాటి స్థితిని బట్టి ఈ కార్యాలయం నిర్ణయిస్తుందనీ, పన్ను రేటును మాత్రం స్కూల్ డిస్ట్రిక్ట్ (స్థానిక ప్రభుత్వ బడులను నడిపే సంస్థ), నగరం, కౌంటీ వంటివి ప్రతి 100 డాలర్ల విలువకు ఇంత అని వేరువేరుగా ఖరారు చేస్తాయనీ వివరించిన తీరు స్పష్టంగా ఉంది. రాష్ట్రానికి సొంతంగా ఆస్తిపన్ను లేదన్న సంగతి నాకు అక్కడే తెలిసింది.

హోమ్‌స్టెడ్ మినహాయింపుపై వెచ్చించిన సమయమే అన్నిటికన్నా విలువైనది. యజమాని స్వయంగా నివసించే ఇంటికి దరఖాస్తు చేసుకుంటే, స్కూల్ డిస్ట్రిక్ట్ వేసే పన్ను లెక్కలో 2025 నుంచి 1,40,000 డాలర్ల విలువను మినహాయిస్తారు. పన్ను లెక్కకు తీసుకునే విలువ కూడా, కొత్త నిర్మాణం చేపడితే తప్ప, ఏడాదికి 10 శాతానికి మించి పెరగదు. మినహాయింపు లభించిన తొలి ఏడాదికి ఈ పరిమితి వర్తించదు. ఇల్లు కొన్నప్పుడు ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

కార్యాలయం నిర్ణయించిన విలువపై అభ్యంతరం తెలపడం గురించిన భాగం మాత్రం నిరాశపరిచింది. మే 15 లేదా నోటీసు పంపిన నాటి నుంచి 30 రోజులు, ఏది తరువాత వస్తే అదే గడువని చెప్పి ముగించారే గానీ, మన ఇంటి విలువ తక్కువని చూపడానికి ఎలాంటి ఇళ్ల అమ్మకాలను పోలికగా చూపాలో ఒక్క ఉదాహరణైనా ఇవ్వలేదు.