పక్కా ఇల్లు: ఐదు వానాకాలాల తర్వాత

ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర మా ఊళ్లో అమ్మ పేరిట ప్రధానమంత్రి ఆవాస్ ఇల్లు కట్టుకుని ఐదు వానాకాలాలు గడిచాయి. స్లాబు ఇంతవరకు ఒక్క చుక్క కారలేదు. మా గజపతి జిల్లాలో ఇచ్చే 1,30,000 రూపాయలు, పైన ఉపాధి హామీ కూలి, మరుగుదొడ్డికి 12,000, ఇవన్నీ అందరికీ తెలిసిన లెక్కలే. నేను చెప్పదలచింది ఒక ఫోటో సంగతి.

పునాది, లింటెల్, స్లాబు. ఒక్కో దశకు పంచాయతీలో ఉపాధి పనులు చూసే ఉద్యోగి, రోజ్‌గార్ సేవక్ వచ్చి, గోడ ముందు అమ్మను నిలబెట్టి, ఆవాస్ యాప్‌లో ఫోటో తీస్తేనే మాకు తర్వాతి విడత. పునాదికి రెండు రోజుల్లో వచ్చారు. లింటెల్ నాటికి ఆయనకు పక్క పంచాయతీ కూడా అప్పగించారు. అక్కడ ఆ ఉద్యోగం ఏడాదిగా ఖాళీయట. ఉపాధి పనుల మస్టర్లూ, అంటే కూలీల హాజరు పట్టీలూ, ఆయన నెత్తినే. నలభై మూడు రోజులు ఎదురుచూశాం. డబ్బు నేడో రేపో పడుతుందని స్లాబు కోసం పాతపట్నంలో అప్పు మీద తెచ్చిన పన్నెండు సిమెంటు బస్తాల్లో ఐదు, టార్పాలిన్ కిందే చెమ్మకు బిగుసుకుపోయాయి.

చివరికి ఒక సాయంత్రం మోకాళ్ల దాకా బురదతో వచ్చారు. పోట్లాడదామని పొద్దుటి నుంచి మాటలు కూర్చుకుని ఉన్నాను. ఆయన ఫోను తెరిచి ఆ రోజు తీసినవి చూపించారు: పందొమ్మిది గోడలు, ప్రతి గోడ ముందూ ఎవరో ఒకరు బిగుసుకుని నిలబడి. మా ఊళ్లో సిగ్నల్ లేదు, కొండ దిగాక ఎక్కిస్తానన్నారు. అమ్మ కొంగు సర్దుకునేలోపే ఫోటో అయిపోయింది. ఇంకా రెండు ఊళ్లున్నాయని టీ కూడా తాగలేదు. నా మాటలు నాలోనే ఉండిపోయాయి. తొమ్మిదో రోజున డబ్బు పడింది.

దళారీ లేడు, సొమ్ము నేరుగా ఖాతాలోకే వచ్చిందని అప్పట్లో ఊరంతా చెప్పాను. నిజమే. బ్లాకు ఆఫీసుకు ఏడుసార్లు తిరిగిన ఆటో ఖర్చు, పోయిన కూలి మాత్రం ఆ లెక్కలో కలపలేదు. పైగా ఆ 1,30,000 అన్నది 2016 నాటి అంకె. సిమెంటు ధర అక్కడ ఆగలేదు.

మా బావ మేస్త్రి కాబట్టి, ఆయన ఇంట్లోనే తలదాచుకున్నాం కాబట్టి గట్టెక్కాం. అలాంటి అండ లేనివాళ్లయినా మంజూరైతే వదులుకోవద్దనే అంటాను. ఫోటో అయ్యేదాకా సిమెంటు మాత్రం తేకండి.

బిగిసిన బస్తాల్లో నాలుగు పారేశాం. ఐదోది పెరట్లో ఉంది, సంచి అల్లిక అచ్చుపడి. అమ్మ దాని మీదే బట్టలు ఉతుకుతుంది.