మండల వ్యవసాయాధికారికి ఏ శిక్షణ మేలు?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మండల వ్యవసాయాధికారులుగా ఉన్నవారు శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాలలోనో అలాంటి మరో కళాశాలలోనో నాలుగేళ్లు పంటల శాస్త్రం చదివి వచ్చినవారే. ఉద్యోగంలో చేరాక ఈ-పంట నమోదు, విత్తన పంపిణీ, ఎరువుల దుకాణాల తనిఖీ, పీఎం కిసాన్ జాబితాల సవరణ, వీడియో కాన్ఫరెన్సులు కలిసి ఏడాదిని మింగేస్తాయి. కొన్నేళ్లకు, రైతు ఒక వేరుశనగ మొక్కను పీకి తెచ్చి బల్ల మీద పెడితే, అది మొవ్వుకుళ్లా, కాండం కుళ్లా అని చెప్పడానికి తడబాటు మొదలవుతుంది. కాబట్టి ఏ శిక్షణ మేలు అన్న ప్రశ్నకు ఈ తడబాటును ఏది పోగొడుతుందన్నదే నా మొదటి గీటురాయి. పదోన్నతి సంగతి ఆ తర్వాతే.

అందరికీ అందుబాటులో ఉన్నది ప్రభుత్వ ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ వేదిక ఐగాట్ కర్మయోగి. 2020 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మిషన్ కర్మయోగిలో ఇది భాగం. రుసుము లేదు, సెలవు అక్కర్లేదు, ఫోనులోనే పాఠం వింటే ధ్రువపత్రం వస్తుంది. సమాచార హక్కు చట్టం, సైబర్ భద్రత, కార్యాలయ విధానాలు వంటివి నేర్చుకోవడానికి ఇది చక్కటి సాధనం. ఎర్రచెలక నేలలో వాడిపోతున్న పంటను ఎలా చూడాలో మాత్రం తెరమీద నేర్చుకోలేము. గంటల లెక్క పూర్తిచేయడానికి వీడియోను ఒక పక్క నడవనిచ్చి మరో పక్క ఫైళ్లు చూసుకునేవారు ఎంతమందో ఆఫీసుల్లో ఉన్నవారికి తెలియనిది కాదు.

రెండోది హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ (మేనేజ్) 2007 నుంచి దూరవిద్యలో నడుపుతున్న వ్యవసాయ విస్తరణ నిర్వహణ పీజీ డిప్లొమా. విస్తరణ అంటే సాగు విజ్ఞానాన్ని రైతుల దగ్గరికి చేర్చే పని. ఏడాది చదువు, రెండు సెమిస్టర్లు. ప్రభుత్వ విస్తరణ సిబ్బంది నుంచి రుసుము తీసుకోరు. నడుమ ప్రత్యక్ష తరగతులు, అసైన్‌మెంట్లు, చివర ప్రాజెక్టు ఉంటాయి. ప్రాజెక్టును తన మండలంలోని సమస్య మీదే చేసుకోగలిగితే ఇది ఐగాట్ కన్నా ఎన్నో రెట్లు మేలు. అయితే పేరులోనే ఉన్నట్టు ఇది విస్తరణ చదువే గాని తెగుళ్ల చదువు కాదు. మనుషులతో పని చేయించడం, రైతు సంఘాలను నిలబెట్టడం, మార్కెట్‌ను లెక్కలోకి తీసుకోవడం ఇందులో నేర్చుకుంటారు. రేపు సహాయ సంచాలకులై పదిమంది చేత పని చేయించవలసినవారికి అవసరమైనవి ఇవే.

మూడోది సెలవు పెట్టి ఎమ్మెస్సీ చదవడం. విజ్ఞానపరంగా దీనికి సాటి లేదు. రెండేళ్లపాటు ఒకే విభాగంలో మునిగి, సిద్ధాంత వ్యాసం రాసి వచ్చిన అధికారి చూపే వేరుగా ఉంటుంది. ఖరీదు మాత్రం ఎక్కువ. స్టడీ లీవు సర్వీసు మొత్తం మీద సాధారణంగా రెండేళ్లకు మించదు, ఆ కాలంలో వచ్చేది సాధారణంగా సగం జీతమే, అయిదేళ్ల సర్వీసు నిండనివారికి మామూలుగా ఇవ్వరు. నాలుగు సెమిస్టర్ల చదువుకు ఆ సెలవంతా ఒక్కసారే ఖర్చయిపోతుంది. ఇంటి అప్పు కడుతున్నవారికి ఈ లెక్క ఎంత బరువో వేరే చెప్పనక్కర్లేదు.

శిక్షణ అన్న పేరు కూడా లేని నాలుగో దారి ఒకటుంది, నాకు అన్నిటికన్నా అదే ఇష్టం. రైతులకు సలహాలిచ్చేందుకు వ్యవసాయ విశ్వవిద్యాలయం జిల్లాల్లో నడిపే ఏరువాక కేంద్రాల శాస్త్రవేత్తలు శాఖ అధికారులతో కలిసి పొలాల్లో తెగుళ్ల పరిశీలనకు వస్తారు. జీపు దిగి ఫొటో దిగి వెళ్లిపోకుండా, ఆ రోజంతా శాస్త్రవేత్త వెంట నడిచి, అనుమానమున్న ప్రతి మొక్కనూ పీకి చూపించి అడిగే అధికారికి అది ఒక తరగతి గది. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకాలను ఇచ్చిన చోటు. ఆ పంటను ఏళ్లుగా చూస్తున్నవారు మన ఊళ్లోనే ఉన్నారన్నమాట. మొవ్వుకుళ్లు, కాండం కుళ్లు రెండూ వైరస్ తెగుళ్లే, రెండింటిలోనూ తామర పురుగుల పాత్ర ఉంది. కాని కాండం కుళ్లు వైరస్ గట్ల మీది వయ్యారిభామ పుప్పొడిలో దాగి వస్తుంది. అందుకే అక్కడ మందు కొట్టించడం కన్నా ఆ కలుపు పూతకు రాకముందే పీకించడం, చేను చుట్టూ జొన్నో సజ్జో వేయించడం ముఖ్యం. 2000లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్లలో వేరుశనగను ఈ వైరస్సే దెబ్బతీసింది. తేడాను పొలంలో ఒకసారి చేత్తో పట్టి చూసినవారు మళ్లీ మరిచిపోరు.

ఇక పదోన్నతి. వ్యవసాయాధికారి నుంచి సహాయ సంచాలకులు, ఆపైన ఉప సంచాలకులు కావడం ప్రధానంగా సీనియారిటీ మీదే నడుస్తుంది, ఏపీపీఎస్సీ పెట్టే శాఖాపరమైన పరీక్షలు రాసి తీరాలి. పైన చెప్పిన ధ్రువపత్రాలేవీ వరుసలో ఒక్క మెట్టు ముందుకు జరపవు. అందుచేత కొత్తగా చేరినవారు మొదట ఆ పరీక్షలు ముగించి, ప్రతి ఖరీఫ్‌లో ఏరువాక బృందం వెంట తిరగడం మంచిది. అయిదేళ్లు దాటి, ఇంటి బాధ్యతలు ఇంకా తేలికగా ఉన్నవారు, ఒక పంట మీదో ఒక తెగులు మీదో నిజమైన మక్కువ ఉంటేనే ఎమ్మెస్సీకి వెళ్లాలి. సహాయ సంచాలకుల పోస్టు దగ్గరపడుతున్నవారికి మేనేజ్ డిప్లొమా సరైనది, అదీ ప్రాజెక్టు పొలం పని వేరుశనగ విత్తే జూన్, జులై నెలల్లో పడకుండా ముందే చూసుకుంటే.