డాట్ ఆర్గ్ డొమైన్: మా గ్రంథాలయం సైటు కోసం వాడాక నా అభిప్రాయం

రేటింగ్: 5కి 4

మా ఊరి గ్రంథాలయం సైటు నేనే చూసుకుంటాను. పాత పత్రికలు, మా చుట్టుపక్కల కవుల పుస్తకాలు స్కాన్ చేసి ఉచితంగా పెడతాం. అందుకే సైటు చిరునామా (డొమైన్) చివర డాట్ ఆర్గ్ (.org) ఉండేలా తీసుకున్నాం. ఆ పేరు చూస్తే ఇది వ్యాపారం కాదనే నమ్మకం కలుగుతుంది, అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లు చందా పంపడానికి వెనకాడరు. వాడకంలో డొమైన్‌కి వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఇబ్బందంతా అమ్మినవాళ్లతోనే. మా పాత రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీ) మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి, రెన్యువల్‌కి రేటు అమాంతం పెంచేశాడు. కార్ట్‌లో మనం అడగని ఈమెయిల్ ప్యాకు, సెక్యూరిటీ ప్యాకు ముందే టిక్కు పెట్టి ఉంటాయి. అవన్నీ తీసేస్తే గానీ అసలు ధర కనపడదు. వేరే రిజిస్ట్రార్‌కి మారదామని, దానికి కావాల్సిన పాస్‌వర్డ్ లాంటి ఆథ్ కోడ్ అడిగితే, "మేడమ్, స్పెషల్ డిస్కౌంట్ ఇస్తాం, ఉండిపోండి" అని ఫోన్ల మీద ఫోన్లు. కోడ్ మాత్రం రాదు.

అడిగిన 5 రోజుల్లోగా కోడ్ ఇవ్వాలన్నది ఐకాన్ (ICANN) నిబంధన. ప్రపంచమంతా ఈ డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే సంస్థ అది. అది గుర్తుచేసి, ఐకాన్‌కి ఫిర్యాదు చేస్తానని మెయిల్ పెట్టాను. ఆ సాయంత్రమే వచ్చింది: అంకెలు, అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు కలగాపులగంగా ఉన్న కోడ్. కొత్త రిజిస్ట్రార్ పేజీలో దాన్ని పేస్ట్ చేస్తే ట్రాన్స్‌ఫర్ మొదలైంది. సైటు ఎక్కడా ఆగలేదు.

ఈ పేర్ల పెత్తనం ఎవరి దగ్గర ఉండాలన్న గొడవ మనకెందుకు అనుకునేవాళ్లకే ఇదంతా రాస్తున్నాను. ఐకాన్ 1998లో పుట్టిన లాభాపేక్ష లేని సంస్థ, ఆఫీసు లాస్ ఏంజెలెస్‌లో. ఈ పని మీద దానికి అమెరికా ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టు 2016 అక్టోబరు 1న ముగిసింది. ఆ వెంటనే నవంబరులో దాని సమావేశం మన హైదరాబాద్ హెచ్ఐసీసీలోనే జరిగింది. ఐకాన్‌లో కంపెనీలు, ఇంజినీర్లు, మామూలు వాడకందార్లు కూర్చుని మాట్లాడతారు, ప్రభుత్వాలు సలహా ఇస్తాయి. దీన్ని ఐక్యరాజ్యసమితి కిందికి తేవాలనే దేశాలున్నాయి. నేను ఒప్పుకోను. 2022లో రష్యా సైట్ల డాట్ ఆర్‌యూ (.ru)ని తీసేయమని ఉక్రెయిన్ అడిగితే ఐకాన్ కుదరదంది. ఉక్రెయిన్ బాధ న్యాయమైనదే, కానీ ప్రభుత్వాలు అడిగినప్పుడల్లా పేర్లు పీకేస్తే రేపు ఎవరి సైటూ నిలవదు.

అలాగని ఐకాన్‌ని గుడ్డిగా నమ్మలేం. 2019లో డాట్ ఆర్గ్ ధరల మీద ఉన్న పరిమితిని ఎత్తేసింది. అదే ఏడాది డాట్ ఆర్గ్‌ని నడిపే పబ్లిక్ ఇంట్రెస్ట్ రిజిస్ట్రీని ఈథోస్ క్యాపిటల్ అనే ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీకి 113.5 కోట్ల డాలర్లకు అమ్మబోయారు. ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద సంస్థలు గోల పెట్టాయి, కాలిఫోర్నియా అటార్నీ జనరల్ కూడా వద్దని ఉత్తరం రాశారు. చివరికి 2020 ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు ఆ అమ్మకాన్ని ఒప్పుకోలేదు. లాభాల కోసమే పెట్టుబడి పెట్టే కంపెనీ చేతిలో పడితే మాలాంటి గ్రంథాలయాల గతేమిటి? అమ్మకం ఆగింది గానీ ధరల పరిమితి మళ్లీ రాలేదు. ఆ ఒక్క స్టారు అందుకే తగ్గించాను.

ట్రస్టులు, సంఘాలు నిశ్చింతగా తీసుకోవచ్చు. డొమైన్ మాత్రం సంస్థ పేరు మీదే ఉంచండి, సైటు చూసే కుర్రాళ్ల సొంత ఈమెయిల్ మీద వద్దు. ధర పెంచాలంటే రిజిస్ట్రీ 6 నెలల ముందు చెప్పాలి, 10 ఏళ్ల వరకు ఒకేసారి కట్టుకునే వీలుంది. కమిటీతో మాట్లాడి మేం 10 ఏళ్లకూ కట్టేశాం.