డాక్టరుకు జీతమా, బిల్లుకు చెల్లింపా? రెండు గని ఊళ్ల వైద్య సంఘాల్లో ఏది మేలు

1889లో దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనుల దగ్గర డి బీర్స్ కంపెనీ ఉద్యోగులకు ఒక బెనిఫిట్ సొసైటీ ఏర్పడింది. ఆ దేశంలో ప్రైవేటు వైద్య సహాయ సంఘాలకు అదే మొదలు. మరుసటి ఏడాదే బ్రిటన్‌లో, వేల్స్‌లోని ట్రెడెగర్‌లో, బొగ్గు గనులూ ఇనుప కొలుములూ ఉన్న ఊళ్లో, కార్మికుల మెడికల్ ఎయిడ్ సొసైటీ మొదలైంది. రెండూ గని ఊళ్లలోనే పుట్టాయి, రెండూ చందాల మీదే బతికాయి. అయితే ట్రెడెగర్ ఆ చందాతో డాక్టర్లను జీతానికి పెట్టుకుంది. దక్షిణాఫ్రికా సంఘాలు (అక్కడ వీటిని మెడికల్ స్కీములు అంటారు) మాత్రం బయటి డాక్టర్ల బిల్లులు కడుతూ పెరిగాయి. మిగతా తేడాలన్నీ ఇందులోంచే వచ్చాయి.

ట్రెడెగర్‌లో చందా జీతంలో పౌండుకు 3 పెన్నీలు. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు, అంటే నూటికి ఒకటింపావు. ఎక్కువ జీతగాడు ఎక్కువ కట్టేవాడు, తక్కువ జీతగాడు తక్కువ కట్టేవాడు, వైద్యం మాత్రం ఇద్దరికీ ఒకటే. 1920ల నాటికి సంఘంలో అయిదుగురు డాక్టర్లు, ఒక సర్జన్, ఇద్దరు ఫార్మసిస్టులు, ఒక ఫిజియోథెరపిస్టు, ఒక డెంటిస్టు, ఒక నర్సు పనిచేసేవారు. 1911 నాటి బ్రిటిష్ బీమా చట్టం కార్మికుడికే వైద్యం ఇచ్చి భార్యాబిడ్డలను వదిలేసింది. ఈ సంఘం వాళ్లనూ చూసుకుంది. 1940ల నడుమకు ఊళ్లోని 24,000 మందిలో 22,800 మంది దీని కిందికి వచ్చారు.

బిడ్డకు జ్వరం రాగానే ఫీజు గురించి ఆలోచించకుండా తల్లి డాక్టరు దగ్గరికి వెళ్లగలగడం ఈ పద్ధతికున్న అసలు బలం. అక్కర్లేని పరీక్ష రాస్తే డాక్టరుకు పైసా లాభం లేదు. లోపాలూ ఉన్నాయి. జీతం ఎలాగూ వస్తుంది కాబట్టి క్యూ పెరిగినప్పుడు రోగిని హడావిడిగా చూసి పంపేసే ప్రమాదం ఉంది. కార్మికుల కమిటీ తమ మీద పెత్తనం చేయడాన్ని డాక్టర్ల సంఘం గట్టిగా వ్యతిరేకించింది. అన్నిటికన్నా పెద్ద చిక్కు రాబడిది: ఊరంతా ఒకే పరిశ్రమ మీద బతికితే, 1926లో గని యజమానులు కార్మికులను పనిలోకి రానివ్వని లాకౌట్ లాంటిది వచ్చిన రోజున జీతంతో పాటే చందా కూడా ఆగుతుంది.

దక్షిణాఫ్రికా సంగతి వేరు. 1910లో 7 స్కీములు ఉండేవి, 1940కి 48, 1960కి 169 అయ్యాయి. తొలి దశాబ్దాల్లో అవి ప్రధానంగా తెల్లజాతి ఉద్యోగులవే. 1980ల చివర నిబంధనలు సడలించాక స్కీములు వయసునూ జబ్బునూ చూసి చందా పెంచడం మొదలుపెట్టాయి. జబ్బున్నవాళ్లకే సంఘం అందకుండా పోయింది. 1998లో వచ్చి 2000 నుంచి అమలైన మెడికల్ స్కీముల చట్టం దీన్ని సరిదిద్దింది. వచ్చినవాళ్లను చేర్చుకోవాలి, ఒక ప్లాన్‌లో జబ్బును బట్టి చందా మార్చకూడదు, సుమారు 270 రకాల జబ్బులకు కనీస వైద్యం పూర్తిగా చెల్లించాలి, ఏడాది చందాలో 25 శాతం నిల్వ ఉంచాలి.

జబ్బు చేశాక చేరేవాళ్లను ఆపడానికి అదే చట్టంలో గట్టి ఏర్పాట్లున్నాయి. కొత్త సభ్యుడికి 3 నెలల వరకు, ముందే ఉన్న జబ్బుకు 12 నెలల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అన్నాళ్లు ఖర్చు చెల్లించకుండా ఆపొచ్చు. 35 దాటాక చేరితే చందా మీద అదనం పడుతుంది. ఎన్నడూ సభ్యుడు కానివాడు 50 ఏళ్లకు చేరితే, 35 తీసేయగా మిగిలే లెక్క 15 ఏళ్లు, దానికి అదనం 50 శాతం దాకా ఉండొచ్చు. మధ్యవయసులో జొహానెస్‌బర్గ్‌కు ఉద్యోగానికి వెళ్లే మనవాళ్లు జీతం మాట్లాడుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి.

చట్టం సరిచేయలేని చోటు డాక్టరు ఫీజు. స్కీములూ డాక్టర్లూ కలిసి రేట్లు కుదుర్చుకోవడం పోటీకి విరుద్ధమని 2004లో అక్కడి కాంపిటీషన్ కమిషన్ ఆపేసింది. 2010లో ఏ చికిత్సకు ఎంత రేటో సూచించే ప్రభుత్వ రిఫరెన్స్ ధరల పట్టికను కోర్టు కొట్టేసింది. ఇప్పుడు స్కీము తన రేటుకు 100 శాతం ఇస్తానంటుంది, ఆపరేషన్‌కు వచ్చిన మత్తు డాక్టరు ఆ రేటుకు 300 శాతం, అంటే మూడింతలు వేస్తాడు, మధ్యలో తేడా రోగి నెత్తిన పడుతుంది. ఆ తేడా కోసమే అక్కడ మళ్లీ ‘గ్యాప్ కవర్’ అని ఇంకో పాలసీ కొంటున్నారు. ఓపీ ఖర్చుకు ఇచ్చే సేవింగ్స్ ఖాతా చందాలో 25 శాతం మించకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో అది ఏడాది మధ్యలోనే ఖాళీ అవుతుంది.

రోజువారీ వైద్యానికి ట్రెడెగర్ పద్ధతే మేలు, ఇందులో మాకు సందేహం లేదు. ట్రెడెగర్‌లో పుట్టి, ఆ ఊరి ఆసుపత్రి కమిటీలో పనిచేసిన అన్యూరిన్ బెవన్ ఆరోగ్య మంత్రి అయ్యాక, 1948 జులై 5న బ్రిటన్ అంతటికీ ఉచిత వైద్యం తెచ్చాడు. దక్షిణాఫ్రికాలో స్కీముల నీడ ఇప్పటికీ ఆరేడుగురిలో ఒకరికే. గుండె ఆపరేషన్ లాంటి పెద్ద ఖర్చుకు మాత్రం వేల మందితో చిన్న సంఘం నిలవదు. దానికి పెద్ద నిధి, చట్టం అండ కావాలి.

మన దగ్గర యూనియనో సహకార సంఘమో ఇలాంటిది పెట్టాలనుకుంటే ఇష్టమున్నవాళ్లు చేరండి అనొద్దు. అలా అంటే జబ్బున్నవాళ్లే ముందు చేరతారు, ఖర్చు పెరిగి చందా పెంచితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తప్పుకుంటారు. ఒక చోట పనిచేసేవాళ్లంతా ఒకేసారి చేరాలి, చందా జీతంలోనే కోతపడాలి. ఆ డబ్బుతో మొదట ఒక డాక్టరునూ ఒక నర్సునూ పెట్టుకుని మందుల గది తెరవాలి. ఆపరేషన్లు చేయిస్తామని తొలి ఏడాది మాటివ్వకూడదు.