బొలోన్యా నుంచి పావియాకు: నాడుల చరిత్ర వెంట ఒక ప్రయాణం

మెదడు, నాడుల పనితీరు మీద ఆసక్తి ఉన్నవారు ఇటలీ వెళితే రోమ్, వెనిస్‌లతో సరిపెట్టుకోవద్దు. బొలోన్యా, పావియా అనే రెండు విశ్వవిద్యాలయ పట్టణాలకు కూడా సమయం కేటాయించాలి. నాడుల్లో నడిచేది విద్యుత్తేనా, మెదడంతా ఒకే అల్లికా లేక విడివిడి కణాల కూర్పా అన్న రెండు పెద్ద వాదాలూ ఈ ఊళ్లతో ముడిపడినవే. ముందు బొలోన్యా చూసి ఆ తరువాతే పావియాకు వెళ్లడం మంచిది. అలా వెళితే వాదం పుట్టిన వరుసలోనే అర్థమవుతుంది.

బొలోన్యాలో అందరూ మొదట చూసేది ఆర్కిజిన్నాసియో భవనంలోని శరీర నిర్మాణ శాస్త్ర మందిరం. 17వ శతాబ్దంలో కట్టిన ఈ చెక్క మందిరం మధ్యలో శవపరీక్షకు వాడిన పాలరాతి బల్ల ఉంటుంది. చర్మం ఒలిచిన రెండు కొయ్య మనుషుల విగ్రహాలు ఆచార్యుడి పీఠం మీది పైకప్పును మోస్తుంటాయి. 1944లో బాంబు దాడిలో మందిరం ధ్వంసమైంది. శిథిలాల్లో దొరికిన అసలు భాగాలతోనే తిరిగి నిలబెట్టారు. టికెట్టు కొద్ది యూరోలే. అందంగా ఉంటుంది కానీ చూడడానికి అరగంట చాలు.

అసలు సమయం ఇవ్వవలసింది పాలాజ్జో పోజ్జి మ్యూజియానికి. అక్కడ 18వ శతాబ్దపు మైనపు బొమ్మల్లో అన్నా మొరాండి తనను తాను మలచుకున్న బొమ్మ ఉంది. మంచి దుస్తులు, నగలు ధరించిన ఆమె ఒక కపాలాన్ని తెరిచి మెదడును పరీక్షిస్తూ ఉంటుంది. ఆ కాలంలో ఒక స్త్రీ తన గురించి లోకానికి చెప్పుకోవాలనుకున్నది ఇది! పక్కనే ఉన్న ఆమె భర్త బొమ్మ చేతిలో గుండె ఉంటుంది. ఇంకాసేపు నిలబడి చూడవలసినవి ఆమె చేసిన చేతులు. ఒక చేయి మెత్తని దాని మీద వాలి ఉంటుంది, మరొకటి ముళ్లు తగిలి ముడుచుకుంటుంది. స్పర్శ అంటే ఏమిటో ఇంత సూటిగా చూపిన వస్తువును నేను ఇంకెక్కడా చూడలేదు. ముల్లు గుచ్చుకున్నప్పుడు చర్మంలోని నాడి ఆ వార్తను వెన్నుపాముకు చేరుస్తుంది. చేతిని వెనక్కు లాగమన్న ఆజ్ఞ అక్కడి నుంచే కండరానికి వెళుతుంది. నొప్పి సంగతి మెదడుకు తెలిసేసరికే చేయి కదిలిపోతుంది. ఈ మ్యూజియానికి సోమవారం సెలవు, కాబట్టి ఆ రోజు బొలోన్యాలో దిగే ఆలోచన మానుకోండి.

ఆర్కిజిన్నాసియో పక్కనున్న కూడలిలో లుయీజీ గాల్వానీ విగ్రహం ఉంది. చేతిలోని పలక మీద కప్పను చూస్తూ నిలబడి ఉంటాడు. లోహాలు తాకగానే కప్ప కాలు అదరడం చూసి, ప్రాణిలోనే విద్యుత్తు ఉందని 1791లో ప్రకటించాడు. పావియాలో భౌతికశాస్త్రం చెప్పే అలెస్సాండ్రో వోల్టా అది ఒప్పుకోలేదు. విద్యుత్తు కప్పది కాదు, రెండు వేర్వేరు లోహాలది అన్నాడు. ఆ పట్టుదలతోనే 1800లో బ్యాటరీని లోకానికి చూపాడు. అయితే అంతకుముందే, లోహమే లేకుండా నాడికి నాడిని తాకించి గాల్వానీ కండరాన్ని కదిలించి చూపాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. విశ్రాంతిగా ఉన్న నాడీకణం లోపలి భాగం బయటికంటే దాదాపు 70 మిల్లీవోల్టులు రుణాత్మకంగా ఉంటుంది. సోడియం అయాన్లు ఒక్కసారిగా లోపలికి దూసుకురాగానే ఆ తేడా క్షణకాలం తారుమారవుతుంది. ఆ మార్పే నాడి పొడవునా పరుగెత్తుతుంది. కొవ్వు తొడుగు ఉన్న వేగవంతమైన నాడుల్లో అది సెకనుకు వంద మీటర్లు కూడా దాటుతుంది. తొడుగు లేని సన్నని నాడుల్లో సెకనుకు మీటరు అటూ ఇటుగానే ఉంటుంది.

బస విషయానికి వస్తే, బొలోన్యాలో విశ్వవిద్యాలయ వీధిలో గది తీసుకోవడం నడకకు అనుకూలం, నిద్రకు కాదు. అర్ధరాత్రి దాటాక కూడా విద్యార్థుల సందడి తగ్గదు. పాత భవనాల్లో లిఫ్టు ఉండకపోవచ్చు, బుక్ చేసే ముందే అడగండి. ఊరు పన్నును రాత్రికి, మనిషికి ఇంతని విడిగా వసూలు చేస్తారు. స్టేషను వైపు గదులు అంత అందంగా ఉండవు, అయినా నా ఓటు వాటికే.

పావియాకు మిలాన్ మీదుగా వెళ్లడం తేలిక. బొలోన్యా నుంచి మిలాన్‌కు వేగ రైలులో గంట పడుతుంది, అక్కడి నుంచి ప్రాంతీయ రైలులో అరగంట. ప్రాంతీయ రైలుకు కాగితపు టికెట్టు కొంటే ఎక్కేముందు యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా పడుతుంది.

పావియా విశ్వవిద్యాలయ చరిత్ర మ్యూజియంలో వోల్టా పరికరాలున్నాయి. గుండెకు వెళ్లే నాడులను 1794లో అద్భుతమైన చిత్రాలతో వివరించిన ఆంటోనియో స్కార్పా తల కూడా భద్రపరిచి ఉంది. పిల్లలతో వెళ్లేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మేలు. నాకు ముఖ్యం మాత్రం కమిల్లో గొల్జీ గది. 1873లో దగ్గరి ఊరైన అబ్బియాతెగ్రాస్సోలోని ఆసుపత్రిలో పనిచేస్తూ, వంటగదిలో ఏర్పాటు చేసుకున్న చిన్న ప్రయోగశాలలో ఆయన వెండి నైట్రేటుతో మెదడు కణాలకు నల్లరంగు పట్టించాడు. ఆ రంగు కొద్ది కణాలకే అంటుకుంటుంది, అదే మన అదృష్టం. అన్నిటికీ అంటుకుని ఉంటే అంతా నల్లటి ముద్దే కనిపించేది. కొన్నిటికే అంటడం వల్ల ఒక్కొక్క కణం తన కొమ్మలన్నిటితో చెట్టులా విడిగా కనిపించింది. అదే రంగును వాడి స్పెయిన్‌లో రామోన్ ఇ కహాల్ కణాలు విడివిడివని తేల్చాడు. మెదడంతా ఒకే వల అని గొల్జీ చివరిదాకా నమ్మాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చినా, ఆ వేదిక మీద కూడా గొల్జీ తన మాట వదలలేదు. చాలాచోట్ల కణానికీ కణానికీ మధ్య ఖాళీ ఉందని, దాన్ని రసాయనాలు దాటుతాయని తరువాత రుజువైంది. కొన్ని కణాలు నేరుగా కలిసి ఉంటాయన్నదీ నిజమే. గాజు పెట్టెలోని గొల్జీ స్లైడులను చూస్తే ఆయన పట్టుదల మీద నాకు గౌరవమే కలిగింది.

ఈ మ్యూజియం తెరిచే వేళలు ముందే చూసుకుని బయలుదేరండి. పావియాలో ఒక రాత్రి ఉండగలిగితే ఉండండి, మిలాన్‌తో పోలిస్తే గదులు చవక, ఊరు ప్రశాంతం. ఇంకా సమయం మిగిలితే చాలామంది పాదువాలోని 1594 నాటి శరీర నిర్మాణ శాస్త్ర మందిరం చూడమంటారు. గైడు వెంట మాత్రమే లోపలికి పంపిస్తారు. శరీర నిర్మాణ శాస్త్ర చరిత్రకు అది పెద్ద స్థలమే, కానీ నాడుల కోసం వెళ్లేవారికి అక్కడ దొరికేది తక్కువ. ఆ పూటను పాలాజ్జో పోజ్జిని రెండోసారి చూడడానికి వాడుకోవడమే నయం.