జాగ్రత్త: ఫ్రీ వాటర్ టెస్ట్ అని వచ్చి, మీ నల్లా నీళ్ళని మీ కళ్ళ ముందే మురికి చేసి చూపిస్తారు

హైదరాబాద్‌లో మా వనస్థలిపురం అపార్ట్‌మెంట్లలో మళ్ళీ తిరుగుతున్నారని నిన్న వాచ్‌మన్ చెప్పాడు. అందుకే ఆలస్యమైనా రాస్తున్నా. భుజానికి నల్ల బ్యాగు, మెడలో ట్యాగు, జేబులో పెన్ను లాంటి మీటరు. "సర్, మీ ఏరియాలో ఫ్రీగా వాటర్ టెస్ట్ చేస్తున్నాం, రెండే నిమిషాలు." ఆ రెండు నిమిషాలకి నాకు వదిలింది 17,900 రూపాయలు.

ముందే ఒప్పేసుకుంటా, నేను ఇంటర్‌లో సీఈసీ. సైన్సుతో నా సంబంధం పదో తరగతితో సరి. అయినా ఎవరేం చెప్పినా తలూపే రకం కాదని నా మీద నాకు కాస్త గర్వం ఉండేది. ప్లగ్గులో పెడితే కరెంటు బిల్లు సగమవుతుందని ఓ డబ్బా మా బావమరిది కొన్నప్పుడు పడీపడీ నవ్వాను. ఫోన్ వెనక రేడియేషన్ ఆపే స్టిక్కర్ అతికించుకున్న మా ఆఫీసు పెద్దాయన్నీ వదల్లేదు. అలాంటి నేను నీళ్ళ దగ్గర బోర్లా పడ్డా.

దానికో కారణం ఉంది. మా అత్తగారిది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ గురించి పేపర్లో చదవడం వేరు, పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు అరుగు మీద నడుం వంగిపోయి, తల ఎత్తి మన మొహం కూడా చూడలేని మనుషుల్ని చూడటం వేరు. అందుకే మా ఇంట్లో నీళ్ళంటే ఎప్పుడూ ఒక భయం. ఆ కుర్రాడు కూర్చున్న ఐదు నిమిషాలకే మా ఆవిడ "మాది ఫ్లోరైడ్ ఊరు బాబూ" అనేసింది. ఇక అతను మమ్మల్ని కష్టపడి భయపెట్టాల్సిన పనే లేకపోయింది.

డెమో ఎలా చేస్తారో కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే కిటుకంతా అందులోనే ఉంది. మొదట మీటరు మా నల్లా నీళ్ళలో ముంచాడు. 310. "మూడొందల పది, సర్!" అన్నాడు, మూడొందల పది డిగ్రీల జ్వరం ఉన్నట్టు. తర్వాత తన బాటిల్లోని ఆర్‌ఓ నీళ్ళు, అంటే మెంబ్రేన్ అనే సన్నటి పొరలోంచి పంపి ఉప్పులు తీసేసినవి. 28. ఆ తర్వాత బ్యాగులోంచి ఓ డబ్బా తీశాడు. దానికి కింద నాలుగు లోహపు కడ్డీలు, పైన వైరు. రెండు గాజు గ్లాసులు పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో మా నీళ్ళు, ఇంకోదాంట్లో అతని నీళ్ళు. గ్లాసుకి రెండేసి కడ్డీలు మునిగేలా డబ్బా వాటి మీద పెట్టి ప్లగ్గు వేశాడు. పది సెకన్లలో మా గ్లాసులో బుడగలు. అరనిమిషానికి పచ్చటి నురగ, దాని కింద తుప్పు రంగు మడ్డి. నిమిషం తిరిగేసరికి అచ్చం మోరీ నీళ్ళే. పక్క గ్లాసులో మాత్రం లేత పసుపు ఛాయ, అంతే.

"ఇదీ సర్ మీరు రోజూ తాగేది. మేడమ్, పిల్లలకి ఇదే పడుతున్నారు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, ఈఎంఐ ఉందా అని.

ఐదు వేలు అడ్వాన్సు, మిగతాది వాయిదాలు. మర్నాడే ఆర్‌ఓ మెషిన్ గోడకెక్కింది. ఇంటర్ ఎంపీసీ చదివే మా అమ్మాయి ఆదివారం హాస్టల్ నుంచి వచ్చింది. వాళ్ళమ్మ కథంతా ఆవేశంగా చెప్తుంటే అంతా విని, "కడ్డీల్లో ఒకటి ఇనుపదా నాన్నా?" అని అడిగింది. నాకేం తెలుసు! అలాంటి డబ్బానే ఆన్‌లైన్లో 450 రూపాయలకి దొరికితే తెప్పించింది.

ఈసారి రెండు గ్లాసుల్లోనూ మా కొత్త మెషిన్ నీళ్ళే పోసింది. ఒక గ్లాసులో మాత్రం చిటికెడు ఉప్పు వేసి కలిపింది. ప్లగ్గు వేసింది. ఉప్పు వేసిన గ్లాసులో మొన్న మా నల్లా నీళ్ళకి పట్టిన గతే పట్టింది, ఇంకా త్వరగా, ఇంకా చిక్కగా. మేం కూరలో వేసుకునే ఉప్పే అది! తర్వాత ప్లగ్గు తీసి ఇనుప కడ్డీ తుడిచి నా చేతికిచ్చింది. కొత్త కడ్డీ, కొస దగ్గర అప్పుడే గరుకుగా, చీమలు కొరికినట్టు ఉంది. ఆ మడ్డి నీళ్ళలోంచి రాలేదు, కడ్డీలోంచి వచ్చింది. నీళ్ళలో ఉప్పులు ఉంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది. ఆర్‌ఓ నీళ్ళలో ఉప్పులు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పెద్దగా పారదు, కడ్డీ పెద్దగా కరగదు. దీన్ని ఎలక్ట్రాలిసిస్ అంటారట. నేను పదో తరగతిలో బట్టీ పట్టి, పరీక్షలో రాసి మర్చిపోయిన పాఠమే.

(మీరూ చేసి చూద్దామనుకుంటే ఒక మాట. ఆ డబ్బా నేరుగా ఇంటి కరెంటుకే తగిలిస్తారు. ప్లగ్గు తీయకుండా గ్లాసు కూడా ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి.)

అక్కడితో మా అమ్మాయికి హుషారొచ్చింది. మీటరు కూడా కొనిపించింది. ఆర్‌ఓ గ్లాసులో చెంచాడు చక్కెర కలిపి ముంచితే అంకె దాదాపు కదల్లేదు. కొబ్బరి నీళ్ళలో ముంచితే వేలల్లోకి పోయింది! ఆ కుర్రాడి లెక్కన కొబ్బరి బోండాం తాగినవాడు ఆస్పత్రిలో ఉండాలి. ఆ మీటరు కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో, అంతే. దాన్నిబట్టి ఉప్పులు ఇంత ఉండొచ్చని లెక్క కట్టి చూపిస్తుంది. క్రిములు ఉన్నాయా, పురుగుమందు ఉందా, దానికి తెలియదు. ఇక 310 సంగతి. మన దేశంలో తాగునీటికి ఐఎస్ 10500 అని ఓ ప్రమాణం ఉంది. దాని ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పులు, ఖనిజాలు మొత్తం, మీటరు అంకె దానిదే) నిక్షేపంగా ఉండొచ్చు. వేరే నీళ్ళు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. మా వైపు వచ్చేవి నాగార్జునసాగర్ నుంచి తోడి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి సాహెబ్‌నగర్‌కి పంపే కృష్ణా నీళ్ళు. 310 ఉంటే భయపడేదేం లేదు. 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓలు వాడకుండా నిషేధం తేవాలని 2019లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ శాఖకి చెప్పింది. ఆ ముక్క బ్రోషర్‌లో ఎందుకుంటుంది!

ఇదంతా ఫోన్లో మా అత్తగారికి చెప్తే ఆవిడ ఒక మాటంది. నన్ను ఇప్పటికీ వదలని మాట అది. "మా బాయి నీళ్ళు అద్దం లెక్క ఉండె బిడ్డా. తియ్యగ గూడ ఉండె." ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ప్రమాణం ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, తప్పనిసరైతే 1.5. అది దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళు గారపడతాయి, తర్వాత ఎముకలు బిగుసుకుపోతాయి. మరిగించినా పోదు. ఆ బావి నీళ్ళ గ్లాసులో ఈ కుర్రాడు కడ్డీలు ముంచితే ఫ్లోరైడ్ గురించి ఏం తెలిసేది? ఏమీ లేదు. మా ఆవిడ దేని గురించి భయపడి ఒప్పుకుందో, ఆ డెమో అసలు దాని జోలికే పోలేదు. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే.

అలాగని ఆర్‌ఓ దండగ అనడం లేదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళే దిక్కయిన ఊళ్ళకి అది నిజంగా పనికొచ్చే యంత్రం. అంతకుముందు నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్ళు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెడితే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. మా అత్తగారి ఊరికి ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. యంత్రం మంచిదే, మా ఇంటికి అక్కర్లేనిది.

మరి దానివల్ల మా ఇంట్లో జరిగే నష్టం? వేస్టు పైపు సింకులోకి వదిలారు కాబట్టి మొదట్లో పట్టించుకోలేదు. ఓ రోజు బకెట్ పెట్టి కొలిచాం. 5 లీటర్ల బిందె నిండేలోపు బకెట్లోకి 14 లీటర్లు వచ్చాయి. ఆ బకెట్లో మీటరు పెడితే 410. మా అమ్మాయి కాగితం మీద లెక్కేసి, ఉప్పులు ఎక్కడికీ పోలేదు, అక్కణ్ణుంచి తీసి ఇక్కడ పోశారంతే అంది. ఎండాకాలంలో ట్యాంకరు కోసం కొట్టుకునే అపార్ట్‌మెంట్ మాది! ఇప్పుడు ఆ నీళ్ళు ఇల్లు తుడవడానికి, బాత్రూముకి వాడుతున్నాం. పర్యావరణం మీద ఉపన్యాసాలు ఇచ్చే స్తోమత నాకు లేదు కానీ, సాగర్ నుంచి కరెంటు ఖర్చు పెట్టి తోడి, శుద్ధి చేసి పంపిన నీళ్ళని మళ్ళీ కరెంటు పెట్టి నాలుగింట మూడొంతులు మోరీలో పోయడం ఏ సైన్సో నాకు అర్థం కాలేదు.

ఇంతకంటే పెద్ద తమాషా ఇంకోటుంది. నీళ్ళు చప్పగా ఉన్నాయని ఫోన్ చేస్తే టెక్నీషియన్ వచ్చి లోపల చిన్న స్క్రూ తిప్పాడు. 28 కాస్తా 90 అయింది, రుచి వచ్చింది. ఏం చేశావయ్యా అంటే, టీడీఎస్ కంట్రోలర్ తెరిచాడట. ఆర్‌ఓ చేయని నీళ్ళు కొంచెం అందులో కలుస్తాయట. అంటే డబ్బులు తీసుకుని తీసేసిన ఉప్పుల్లో కాస్త మళ్ళీ కలిపాడు. పోతూ పోతూ, 4,000 పెడితే నీళ్ళకి క్షార గుణం ఇచ్చే ఆల్కలైన్ కాట్రిడ్జ్ వేస్తా, ఎసిడిటీ, షుగర్ అన్నీ పోతాయన్నాడు. కడుపులో ఉండే యాసిడ్ ముందు ఆ నీళ్ళు ఏ మూలకి? పైగా షుగర్ నయమవుతుందని ప్రకటించి అమ్మడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ఆ మాట అంటే, నాకు కంపెనీ వాళ్ళు చెప్పింది నేను చెప్తున్నా సర్ అన్నాడు. అతని మీద కోపం రాలేదు.

కొనేముందు చేయాల్సింది నేను చేయలేదు, మీరు చేయండి. నీళ్ళని మెషిన్ అమ్మేవాడితో కాదు, ల్యాబులో పరీక్ష చేయించండి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీటి పరీక్షలు చేస్తారు. శాంపిల్ ఎలా పట్టాలో, ఫీజెంతో ముందే అడిగి వెళ్ళండి. బోరు వాడేవాళ్ళు ఫ్లోరైడ్, నైట్రేట్, గట్టిదనం విడిగా రాయించుకోండి. నల్లా నీళ్ళే తాగేవాళ్ళకి అసలు సమస్య ఉంటే పాత పైపుల్లోనో, కడగని సంపులోనో క్రిములతో ఉంటుంది. దానికి ఆర్‌ఓ కాదు, సంపు కడిగించడం, నీళ్ళు తెర్లేదాకా మరిగించడం, లేదా అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపే చవకైన యూవీ మెషిన్ చాలు. పైగా మెషిన్‌లోని కార్బన్ ఫిల్టర్, క్రిములు పెరగకుండా ఆపే క్లోరిన్ని కూడా తీసేస్తుంది. అందుకని ఆ నీళ్ళు రోజుల తరబడి క్యాన్లో నిలవ పెట్టకండి.

ఇంటికొచ్చి అమ్మే డైరెక్ట్ సెల్లింగ్ వాళ్ళకి 2021లో నిబంధనలు వచ్చాయి. ఐడీ కార్డు లేకుండా, ముందు మీ అనుమతి తీసుకోకుండా ఇంటికి రాకూడదు. మా ఇంటికొచ్చిన ట్యాగు మీద ఫోటో ఉంది కానీ కంపెనీ చిరునామా లేదని బిల్లు చూశాక గానీ తట్టలేదు. బిల్లు మీదా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదని చెప్పారు. డెమో వీడియో తీసి ఉంటే బాగుండేదని కూడా అన్నారు. కాబట్టి మీరు తీయండి. ఎవరైనా అభ్యంతరం పెడితే అక్కడే ఆపేయండి.

మెషిన్ ఇంకా గోడకే ఉంది, వాయిదాలు ఇంకా నాలుగు కట్టాలి. మొన్న సాయంత్రం ఆ కంపెనీ నుంచే ఫోన్ వచ్చింది. "సర్, మీ మెంబ్రేన్ పాడైంది, మార్చాలి, 3,200 అవుతుంది."

"పాడైందని మీకెలా తెలిసింది? మీటరు పెట్టి ఎవరైనా చూశారా?" అన్నా.

అవతల రెండు క్షణాలు ఏం వినపడలేదు. తర్వాత, "ఫ్రీగా వాటర్ టెస్ట్ చేయడానికి మా వాణ్ణి పంపమంటారా సర్?" అంది ఆ అమ్మాయి.